లేని రైల్వేకు పేరు పెట్టడం

చిన్న కొలతలో రైల్వేలు కట్టేవారు రెండు దారుల్లో నడుస్తారు. కొందరు నిజంగా నడిచిన ఒక రైల్వేను, అందులో ఒక మార్గాన్ని, ఒక ఏడాదిని ఎంచుకుని ఉన్నదున్నట్టు దించుతారు. వారికి పేరుతో పేచీ లేదు. పెన్సిల్వేనియా రైల్‌రోడ్‌ను కట్టేవాడు ఇంజను మీద పెన్సిల్వేనియా అనే రాస్తాడు. మిగిలినవారు ఎన్నడూ లేని రైల్వేను కల్పిస్తారు. దానికి వాటాదార్లు ఉండరు, దాని పట్టాలు గది గోడలు దాటవు. అయినా దానికి ఒక కంపెనీ పేరు, ఒక ముద్ర, రంగులు, ఊళ్లు, ఒక గతం కావాలి. అమెరికాలో ఈ రెండో పద్ధతిని ఫ్రీలాన్స్ అంటారు. నిజమైన రైల్వేల ఆచారాలకు గట్టిగా కట్టుబడి కల్పన చేస్తే దాన్ని ప్రోటోటైప్ ఫ్రీలాన్స్ అంటారు. పేరు ఏం పెట్టాలన్న ప్రశ్న పుట్టేది ఇక్కడే.

బయటివారికి ఇది చిన్న విషయంగా తోచవచ్చు. కానీ పేరు ఇంజన్ల మీద, పదుల కొద్దీ వ్యాగన్ల మీద అక్షరాలుగా ఎక్కాక దాన్ని మార్చడమంటే ఏళ్ల పని చెరిపేయడమే. పైగా చూడవచ్చినవారికి ముందు కంటబడేది పేరే. ఆ రైల్వే ఏ ప్రాంతానిది, ఏ కాలానిది, ఏ సరుకు మీద బతుకుతుంది అన్నవి వివరణ లేకుండానే పేరులోంచి కొంత తెలియాలి. ఈ హాబీలో చిరకాలం నిలిచిన పేర్లను వరుసగా చూస్తే ఒక సంగతి తేలుతుంది. కంపెనీ చరిత్రను ముందు ఊహించుకుని అందులోంచి తీసిన పేర్లు నిలిచాయి. ముచ్చటపడి పేరు ముందు పెట్టుకుని, చరిత్రను తర్వాత అతికించినవి చాలావరకు కట్టినవారికే వెగటు పుట్టించాయి. దీనికి ఒక పెద్ద మినహాయింపు ఉంది. అది ఈ హాబీలోకెల్లా ప్రసిద్ధమైన పేరే కావడం విశేషం.

అసలు రైల్వేల ఆచారం

కల్పిత పేరు నమ్మకంగా ఉండాలంటే అసలు పేర్లు ఎలా పుట్టాయో తెలియాలి. 19వ శతాబ్దపు అమెరికాలో రైల్వే పేరు మొదట పెట్టుబడిదారులకు చూపే వాగ్దానం. 1827లో అనుమతి పొందిన బాల్టిమోర్ అండ్ ఓహియో రైల్‌రోడ్ పేరులో ఒక కొస అట్లాంటిక్ తీరపు రేవు పట్టణం, రెండో కొస కొండల అవతలి నది. ఆ నది ఒడ్డున ఉన్న వీలింగ్‌కు పట్టాలు చేరడానికి 1850ల ఆరంభం దాకా పట్టింది. అంటే పాతికేళ్లపాటు ఆ కంపెనీ తాను చేరని చోటు పేరునే మోసింది. కొన్ని కంపెనీలైతే ఎప్పటికీ చేరలేదు. చికాగో, రాక్ ఐలాండ్ అండ్ పసిఫిక్ రైళ్లు పసిఫిక్ తీరాన్ని ఏనాడూ చూడలేదు. టెక్సస్ అండ్ పసిఫిక్ 1871లో శాన్ డియాగో పోతానని బయల్దేరి, 1881లో టెక్సస్ దాటకుండానే సదరన్ పసిఫిక్ పట్టాలకు తగిలి ఆగిపోయింది. న్యూయార్క్, చికాగో అండ్ సెయింట్ లూయిస్ కంపెనీ ప్రధాన మార్గం బఫలో నుంచి చికాగో వరకే. న్యూయార్క్ నగరం దాని పేరులోనే ఉంది. యాచిసన్, టొపీకా అండ్ శాంటా ఫే వారి ప్రధాన మార్గం, నేల అనుకూలించక, శాంటా ఫే ఊరిని తప్పించుకునే పోయింది. ఆ ఊరికి లామీ అనే చోటి నుంచి ఒక కొమ్మ మార్గం మాత్రం 1880లో వెళ్లింది.

మోడల్ కట్టేవారికి ఇందులో పెద్ద వెసులుబాటు ఉంది. గదిలో కట్టిన ముక్క రెండు ఊళ్ల మధ్య పది మైళ్లకు సరిపోయేదే అయినా, పేరు మూడు రాష్ట్రాలను కలపవచ్చు. అసలు కంపెనీలే అలా చేశాయి కాబట్టి దాన్ని ఎవరూ గొప్పలనుకోరు. నిజానికి పేరులో నెరవేరని ఆశ ఒకటి ఉంటే ఆ రైల్వే మరింత నిజమనిపిస్తుంది. అది ఎక్కడ ఆగిపోయింది, డబ్బు ఎందుకు చాలలేదు, ఏ పెద్ద కంపెనీ అడ్డుపడింది అన్న ప్రశ్నలు వాటంతట అవే వస్తాయి. వాటికి చెప్పుకునే జవాబులే ఆ రైల్వే చరిత్ర అవుతాయి.

పేరు చివరి మాటకూ లెక్క ఉంది. అమెరికన్ కంపెనీల్లో రైల్‌రోడ్, రైల్వే అన్న రెండు మాటలూ వాడుకలో ఉన్నాయి. దివాలా తీసి, కోర్టు చేతిలో పడి, కొత్త యాజమాన్యం కింద లేచిన కంపెనీ తరచు ఒక మాట వదిలి రెండోది పట్టుకునేది. పాత కంపెనీ వేరు, కొత్త కంపెనీ వేరు అని చట్టం ముందు చూపడానికి అది తేలిక మార్గం. యాచిసన్, టొపీకా అండ్ శాంటా ఫే 1895లో అలాగే రైల్‌రోడ్ నుంచి రైల్వే అయింది. అదే ఏడాది ఎరీ కంపెనీ, అంతకుముందు మోసిన పొడుగాటి పేరు వదిలి, ఎరీ రైల్‌రోడ్‌గా తేలింది. కల్పిత రైల్వే 1890ల మాంద్యంలో ఒకసారి మునిగి లేచిందని సూచించడానికి ఈ ఒక్క మాట మార్పు చాలు.

కాలాన్ని బట్టి పేర్ల తీరు మారింది. 19వ శతాబ్దంలో మూడు నాలుగు ఊళ్లను తగిలించిన పొడుగు పేర్లు, ఆ తర్వాత వాటిని జనం నాలుక మీద అరగదీసిన ముద్దుపేర్లు. న్యూయార్క్, చికాగో అండ్ సెయింట్ లూయిస్‌ను నికెల్ ప్లేట్ రోడ్ అన్నారు. మిస్సోరీ, కాన్సస్, టెక్సస్ మార్గం అక్షరాల్లోంచి కేటీ పుట్టింది. సెయింట్ లూయిస్ సౌత్‌వెస్టర్న్ కాటన్ బెల్ట్ అయింది. 1960ల చివరి నుంచి విలీనాల కాలం: 1968లో పెన్ సెంట్రల్, 1970లో బర్లింగ్టన్ నార్తర్న్, 1971లో ఆమ్‌ట్రాక్, 1976లో కాన్‌రైల్, 1980లో సీఎస్ఎక్స్. ఊళ్ల పేర్లు పోయి, ప్రచార సంస్థలు తయారుచేసినట్టుండే మాటలు వచ్చాయి. 1980లో చట్టం మారి పెద్ద కంపెనీలు తమకు గిట్టుబాటు కాని మార్గాలను వదిలించుకోవడం సులువయ్యాక చిన్న కంపెనీలు లేచాయి. వాటిలో కొన్ని పాత పేర్లనే దుమ్ము దులిపి పెట్టుకున్నాయి. 1987లో వచ్చిన విస్కాన్సిన్ సెంట్రల్ అలాంటిదే. కాబట్టి 1910లో ఆవిరి ఇంజన్లు నడిపే రైల్వేకు కాన్‌రైల్ తీరు పేరు నప్పదు. ఇప్పటి డీజిల్ ఇంజన్లకు మూడు ఊళ్ల పొడుగు పేరు నప్పాలంటే, ఆ పేరు అంతకాలం ఎలా బతికిందో చెప్పగలగాలి.

చమత్కారం పేర్లు

ఈ హాబీలో అందరికీ తెలిసిన పేరు గోరీ అండ్ డిఫీటెడ్. కాలిఫోర్నియాలోని మాంటెరేలో జాన్ అలెన్ (1913-1973) హెచ్‌ఓ కొలతలో, అంటే అసలులో 87వ వంతుగా, కట్టిన రైల్వే ఇది. రాతలో ఇది రెండు ఊళ్ల పేర్లు కలిపిన మామూలు కంపెనీ పేరులా ఉంటుంది, స్పెల్లింగు కూడా ఏదో ఐరోపా మూలం ఉన్నట్టు వంకరగా ఉంటుంది. పైకి చదివితే నెత్తురోడి ఓడిపోయిందని అర్థం వస్తుంది. ఆ మార్గం మీది ఊళ్లకూ అలెన్ అలాంటి పేర్లే పెట్టాడు. ఒక ఊరు హెలెన్‌గాన్; చదివితే లోకం అవతలి మారుమూల అని ధ్వనిస్తుంది. ఇంకోటి కోల్డ్ షోల్డర్, అంటే ముఖం చాటేసే చోటు. షంటింగ్ పనికి ఒక చోట ఇంజను బదులు డైనోసార్‌ను పెట్టినవాడికి ఈ పేర్లు వింత కావు.

1940లు, 1950ల్లో అమెరికన్ హాబీలో ఇలాంటి శ్లేష పేర్లు ఒరవడిగా ఉండేవి. వాటిలో అత్యధికం కాలగర్భంలో కలిశాయి. గోరీ అండ్ డిఫీటెడ్ ఒక్కటే ఎందుకు నిలిచిందంటే, జవాబు పేరులో లేదు. నేల నుంచి కప్పు దాకా లేచే కొండలు, వాడి అరిగినట్టు కనిపించేలా రంగులద్దిన బోగీలు, అలెన్ తీసిన ఫొటోలు ఆ పేరును మోశాయి. అతను మరణించిన 1973 జనవరిలోనే, కొద్ది రోజుల తేడాతో, ఆ లేఅవుట్, అంటే గదిలో కట్టిన రైల్వే మొత్తం, అగ్నిప్రమాదంలో కాలిపోయింది. ఫొటోలతో పాటు పేరు మిగిలింది. శ్లేష పేరు పెట్టాలనుకునేవారికి ఈ ఉదాహరణ ధైర్యం ఇవ్వకూడదు. చమత్కారం మొదటిసారి నవ్విస్తుంది, పదోసారి పళ్లికిలిస్తుంది. పైగా చూసేవాడు నవ్వేసిన క్షణంలోనే ఇది బొమ్మ అని గుర్తొస్తుంది. మిగతా లేఅవుట్ అంతా శ్రమపడి మరిపించాలని చూసేది ఆ సంగతినే.

సొంతవాళ్ల పేర్లది కూడా ఇదే కథ. భార్య పేరు, పిల్లల పేర్లు కలిపి కంపెనీ పేరు చేయడం ఆ రోజుల్లోనూ ఉంది, ఇప్పుడూ ఉంది. ప్రేమ కాదనలేనిది. అయితే ఆ పేర్లకు నేల మీద చోటు దొరకదు. అసలు రైల్వేల్లో మనుషుల పేర్లు ఎక్కువగా స్టేషన్లకు, వంతెనలకు, పెట్టుబడి పెట్టినవారి గౌరవార్థం చిన్న ఊళ్లకు దక్కాయి. కాబట్టి కుటుంబాన్ని తలుచుకోవాలనుకునేవారికి ఒక బొగ్గు గనికో, ఒక చిన్న స్టేషనుకో ఆ పేరు పెట్టుకోవడం రెండు విధాలా మేలు.

నమ్మించే పేర్లు

చరిత్రలోంచి పేరు తీసే ధోరణికి తొలి పెద్ద ఉదాహరణ న్యూ ఆర్లియన్స్‌లో ఫ్రాంక్ ఎలిసన్ ఓ అనే కొలతలో కట్టిన డెల్టా లైన్స్. 1944లో మోడల్ రైల్‌రోడర్ పత్రికలో వచ్చిన అతని వ్యాసాలు, లేఅవుట్‌ను రంగస్థలంగా, బండ్లను పాత్రలుగా చూడమన్నాయి. పేరులో డెల్టా అన్న మాట మిసిసిపీ ముఖద్వారాన్ని చూపుతుంది, లైన్స్ అన్న మాట ఇది ఒంటరి మార్గం కాదు, కొన్ని మార్గాల కూటమి అంటుంది. రెండే మాటల్లో చోటూ, పరిమాణమూ వచ్చేశాయి.

ఆ ధోరణిని పూర్తిగా శాస్త్రంలా చేసినవాడు అలెన్ మెక్‌క్లెలండ్. ఓహియోలోని డేటన్‌లో అతను కట్టిన వర్జీనియన్ అండ్ ఓహియో, ఆపలేచియన్ కొండల బొగ్గు మీద బతికే రైల్వే. నిజంగా ఆ కొండల్లో చెసపీక్ అండ్ ఓహియో, బాల్టిమోర్ అండ్ ఓహియో, నార్ఫోక్ అండ్ వెస్టర్న్, వర్జీనియన్ అనే కంపెనీలు ఉండేవి. మెక్‌క్లెలండ్ పేరు వాటి మధ్య కూర్చుంటే పరాయిదిగా అనిపించదు. తెలియనివారు అది ఉండే ఉంటుందనుకుంటారు. అతని సిద్ధాంతం కూడా పేరుకు తగ్గదే: రైల్వే గదిలో మొదలై గదిలో ముగియకూడదు, గది అవతల నుంచి వచ్చి అవతలికి పోవాలి. రెండు కొసలనూ చెప్పే పేరు ఆ పనిని మొదటి అక్షరం నుంచే చేస్తుంది.

టోనీ కోస్టర్ కట్టిన అల్లెగెనీ మిడ్‌లాండ్ ఇంకో అడుగు ముందుకు వేసింది. అది నికెల్ ప్లేట్ రోడ్ వారి బంధు కంపెనీ అని అతని కథ. అందుకే దాని ముద్దుపేరు మిడ్‌లాండ్ రోడ్. రోడ్ అన్న తోక చుట్టరికాన్ని చెబుతుంది, అక్షరాల తీరు, ముద్ర కూడా పెద్ద కంపెనీ పోలికలోనే ఉన్నాయి. ఈ రైల్వే వర్జీనియన్ అండ్ ఓహియోతో వ్యాగన్లు మార్చుకునేది. ఒక కల్పనకు ఇంకో కల్పన సాక్ష్యం చెప్పిందన్నమాట. మరికొందరు మోడలర్ల రైల్వేలు కూడా ఈ ఊహాజాలంలో చేరాయి. ఇద్దరు మిత్రులు ఒకే భూభాగంలో పేర్లు పెట్టుకుంటే రెండు పేర్లకూ బలం పెరుగుతుందన్నది ఇక్కడి నుంచి వచ్చిన పాఠం. ఈ హాబీలో ఇంతకంటే చవకైన, ఫలవంతమైన కిటుకు మరొకటి లేదు.

పెద్ద కంపెనీ నీడలో నిలబడే పద్ధతికి డేవిడ్ బారో పెట్టిన క్యాట్ మౌంటెన్ అండ్ శాంటా ఫే మరో ఉదాహరణ. క్యాట్ మౌంటెన్ టెక్సస్‌లోని ఆస్టిన్‌లో ఒక పేట పేరు. సొంత ఊరి చిన్న పేరు ఒక పక్క, దేశమంతా తెలిసిన పేరు మరో పక్క. నడుమ ఉన్న అండ్ రెంటినీ ఒకే బరువుకు తెస్తుంది. బిల్ డార్నబీ తన మౌమీ రూట్‌కు ఇండియానా, ఓహియోల గుండా ఎరీ సరస్సుకు పారే నది పేరు తీసుకున్నాడు. నది పేరు రైల్వేకు సహజంగా అతుకుతుంది. మార్గాలు నదులను పట్టుకునే సాగుతాయి, నది ఒక ఊరికి కట్టుబడి ఉండదు. మోడల్ రైల్‌రోడర్ పత్రిక సిబ్బంది తమ లేఅవుట్‌కు మిల్వాకీ, రసీన్ అండ్ ట్రాయ్ అని పేరు పెట్టారు. మూడూ విస్కాన్సిన్ పేర్లే, వరస అసలు కంపెనీల వరసే. పొడి అక్షరాలు చూస్తే మొదటి రెండూ పత్రిక పేరులోని పొడి అక్షరాలే. చమత్కారం ఉండదలచుకుంటే ఇలా దాగి ఉండాలి.

అక్షరాలు, కొలతలు

పేరు నచ్చాక దాన్ని పొడి అక్షరాల్లో రాసి చూడటం తప్పనిసరి. అసలు కంపెనీలు ఈ పని చేయక నవ్వులపాలయ్యాయి. డెలావేర్, లాకవానా అండ్ వెస్టర్న్ పొడి అక్షరాలను జనం డిలే, లింగర్ అండ్ వెయిట్ అని విడదీశారు: ఆలస్యం, తాత్సారం, ఎదురుచూపు. హ్యూస్టన్, ఈస్ట్ అండ్ వెస్ట్ టెక్సస్ అక్షరాలు ఎటు పోయినా నరకమే అన్న అర్థానికి లొంగాయి. ఈస్ట్ టెనెసీ అండ్ వెస్టర్న్ నార్త్ కరోలినా అక్షరాల్లోంచి, ఆలుగడ్డలు తిను, బట్టలు కట్టకు అన్న హాస్యం పుట్టింది. మన వైపు వాల్తేరు దాకా వచ్చిన బెంగాల్ నాగపూర్ రైల్వేను బీ నెవర్ రెగ్యులర్ అనేవారు. మోడల్ రైల్వే మీద ఇలాంటి హాస్యం ఒకటి పుట్టడం నష్టమేమీ కాదు. కానీ అది కట్టినవాడు ముందే కనిపెట్టి ఉంచుకున్నదై ఉండాలి, మొదటిసారి చూడవచ్చినవాడు కనిపెట్టేది కాకూడదు.

అమెరికన్ వ్యాగన్ల మీద యజమానిని తెలిపే రిపోర్టింగ్ మార్క్ రెండు నుంచి నాలుగు అక్షరాలు ఉంటుంది. చివర ఎక్స్ ఉంటే ఆ వ్యాగను రైల్వే కంపెనీది కాదు, ప్రైవేటు యజమానిదని గుర్తు. యూ కంటెయినర్లకు, జెడ్ ట్రైలర్లకు. కాబట్టి ఎక్స్‌తో ముగిసే పొడి అక్షరాలు వచ్చే పేరు పెట్టుకుంటే తెలిసినవారి కంటికి అది రైల్వేలా కాక, ట్యాంకర్లు అద్దెకిచ్చే కంపెనీలా కనిపిస్తుంది. నడిమి అండ్ గుర్తు పాత కాలంలో వ్యాగన్ల మీద ఉండేది, కంప్యూటర్లు వచ్చాక మార్క్‌లలోంచి జారిపోయింది. 1950ల లేఅవుట్‌లో దాన్ని ఉంచి, 1980ల లేఅవుట్‌లో తీసేయడం చిన్న వివరమే అయినా పట్టించుకోదగ్గది.

వ్యాగను పొడవు కూడా పేరును శాసిస్తుంది. నలభై అడుగుల బాక్స్‌కార్ హెచ్‌ఓ కొలతలో, అంటే 87వ వంతులో, సుమారు 140 మిల్లీమీటర్లు. ఎన్ కొలతలో, 160వ వంతులో, 76 మిల్లీమీటర్లు. అందులోనే తలుపుకు చోటు పోవాలి, ముద్రకు చోటు పోవాలి, బరువుల వివరాలకు చోటు పోవాలి. నాలుగు ఊళ్ల పేరు అక్కడ చదవలేనంత చిన్నదైపోతుంది. అసలు కంపెనీలు ఈ చిక్కును చట్టపరమైన పేరు ఒకటి, బండి మీది పేరు ఒకటి పెట్టుకుని దాటాయి. శాంటా ఫే వారు వ్యాగన్ల మీద ఆ రెండు మాటలే పెద్దవిగా రాశారు. ఫ్రీలాన్స్ రైల్వేకూ ఇదే మేలు. పత్రాల్లో పొడుగు పేరు, ఇంజను మీద ఒక మాట. అంటించే డెకల్ అక్షరాలు ప్రత్యేకంగా అచ్చు వేయించడం ఖర్చు కాబట్టి, బజారులో దొరికే అసలు కంపెనీల డెకల్స్‌లోని అక్షరాలను కత్తిరించి కూర్చగలిగే పేరు ఎంచుకున్నవారూ ఉన్నారు. అది లోభంలా కనిపించినా, ఫలితం మంచిదే: అక్షరాల ఆకృతి నిజమైన కాలానికి చెందినదై ఉంటుంది.

పెట్టిన పేరు ఎక్కడైనా నిజంగా ఉందా అని వెతకడం మరో పని. 19వ శతాబ్దపు అమెరికాలో కాగితం మీదే పుట్టి కాగితం మీదే చచ్చిన కంపెనీలు లెక్కకు మిక్కిలి. దిక్కు, రాష్ట్రం కలిపిన ఏ పేరైనా ఎవరో ఒకరు వాడే ఉంటారు. జిమ్ హెడిగర్ తన లేఅవుట్‌కు పెట్టుకున్న ఓహియో సదరన్ పేరుతో 19వ శతాబ్దంలో ఒక అసలు కంపెనీ ఉంది, తర్వాతి కాలంలో ఒక చిన్న రైల్వే కూడా ఉంది. దానివల్ల ఆ మోడల్‌కు లోటేమీ రాలేదు. పేరు మామూలుగా ఉందంటేనే అది నమ్మదగినదని అర్థం. అదే ప్రాంతంలో, అదే కాలంలో రెండూ పడినప్పుడే గందరగోళం.

బ్రిటన్‌లో ప్రశ్న వేరు

బ్రిటన్ మోడలర్లకు కంపెనీ పేరు కంటే స్టేషను పేరు ముఖ్యం. 1923లో అక్కడి కంపెనీలను నాలుగు పెద్ద సంస్థల్లోకి కలిపారు, 1948లో అవి జాతీయమయ్యాయి. దానితో కొత్త కంపెనీని ఊహించడం కంటే, గ్రేట్ వెస్టర్న్ లాంటి తెలిసిన కంపెనీకి ఒక కల్పిత కొమ్మ మార్గాన్ని, దాని చివర ఒక కల్పిత ఊరిని తగిలించడం అక్కడ ఆనవాయితీ అయింది. ఆ ఊరి పేరు నేలను చెప్పాలి. బై అని ముగిస్తే ఒకప్పుడు డేన్‌లు స్థిరపడిన ఉత్తర, తూర్పు ప్రాంతం. ట్రే, పాల్, పెన్ అని మొదలైతే కార్న్‌వాల్. లాన్, అబెర్ అంటే వేల్స్. కార్న్‌వాల్ దృశ్యం కట్టి బై అని ముగిసే పేరు పెడితే అక్కడి ప్రేక్షకుడు ఇట్టే పట్టేస్తాడు.

సొంత కంపెనీని ఊహించినవారూ లేకపోలేదు. జాన్ ఆహర్న్ 1930ల్లో మొదలుపెట్టిన మాడర్ వ్యాలీ రైల్వే ఇప్పుడు ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని పెండన్ మ్యూజియంలో ఉంది. అది లేని నది పేరు పెట్టుకుని, ఆ నది చుట్టూ మాడర్‌పోర్ట్ లాంటి ఊళ్లను అల్లుకుంది. ఒక నది పేరు నుంచి రేవు పేరు పుడితే భూగోళమంతా ఒక్క ముడితో బిగుస్తుంది. ఎడిన్‌బరోలో పి.డి. హాన్‌కాక్ కట్టిన నారోగేజ్ క్రెయిగ్ అండ్ మెర్టన్‌ఫర్డ్ కూడా అలా ఊళ్లను కలిపిన పేరే. లండన్‌లో ఒక వీధి పేరు తీసుకుని సి.జె. ఫ్రీజర్ 1957లో గీసిన మైనరీస్ అనే చిన్న టెర్మినస్ ప్లాను ఇంకో తీరు. చోటు చాలక గోడల మధ్య ఇరుక్కున్న నగర స్టేషనుకు ఆ వీధి పేరు చక్కగా కుదిరింది. ఇప్పుడు ఆ పేరు ఒక ప్లానుకు కాక, ఒక తరహాకే పేరైంది.

థామస్ అనే ఇంజను కథలు రాసిన మతగురువు డబ్ల్యూ. ఆడ్రీ అనుభవం వేరు. ఆయన మొదటి పుస్తకం 1945లో వచ్చింది. ఊళ్లు ఎక్కడున్నాయి, పటాలు ఎందుకు కలవడం లేదు అని పాఠకులు అడగడం మొదలుపెట్టాక ఆయనకు ఒక చోటు అవసరమైంది. ఐల్ ఆఫ్ మ్యాన్ చర్చి అధిపతి బిరుదులో సోడర్ అండ్ మ్యాన్ అని ఉంటుంది. మ్యాన్ ద్వీపం ఉంది, సోడర్ అనే ద్వీపం లేదు. ఆ ఖాళీలో ఆడ్రీ తన ద్వీపాన్ని పెట్టి, ఇంగ్లండ్ తీరానికీ మ్యాన్‌కూ మధ్య సముద్రంలో దానికి జాగా చూపి, తమ్ముడు జార్జ్‌తో కలిసి చరిత్ర, భాష, ఊళ్ల పేర్లు కల్పించాడు. ఫార్‌ఖర్ అనే ఆ ద్వీపపు ఊరి పేరుతో మోడల్ కూడా కట్టాడు. కొత్తగా పుట్టించిన పేరు కంటే, అసలు ప్రపంచంలో ఖాళీగా పడి ఉన్న పేరు ఎంత బలమైనదో చెప్పడానికి ఇంతకంటే మంచి నిదర్శనం దొరకదు.

మన నేల మీద

భారతదేశంలో 1951-52ల్లో పాత కంపెనీల్లో దాదాపు అన్నీ ప్రభుత్వ జోన్లలో కలిశాయి. 1951లో మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే సదరన్ రైల్వేలోకి, నిజాం రైల్వే సెంట్రల్ రైల్వేలోకి పోయాయి. దక్షిణ మధ్య రైల్వే 1966 అక్టోబరు 2న వచ్చింది. ఆ తర్వాతి కాలాన్ని ఎంచుకున్నవారికి కంపెనీని కల్పించే వీలు దాదాపు లేదు. ఊరినో, కొమ్మ మార్గాన్నో కల్పించాలి. ఈ విషయంలో మన పరిస్థితి అమెరికాకు దూరం, బ్రిటన్‌కు దగ్గర. ఆర్.కె. నారాయణ్ మాల్గుడి ఈ దారిలో పెద్ద ఆసరా. 1935లో వచ్చిన స్వామి అండ్ ఫ్రెండ్స్ నుంచి ఉన్న ఆ ఊరు రచయిత ఊహలో రైల్వే స్టేషనుతోనే మొదలైందని ఆయన ఆత్మకథ చెబుతుంది. పేరు విన్నవాడికి అది దక్షిణాది ఊరని ఎవరూ చెప్పనక్కర్లేదు.

తెలుగు ఊరు పేరు కల్పించేవారికి తోకలే సగం పని చేసిపెడతాయి. వలస అంటే శ్రీకాకుళం, విజయనగరం వైపు: ఆమదాలవలస, కొత్తవలస. లంక, కుర్రు అంటే గోదావరి, కృష్ణా డెల్టా నీటి నడిమి నేలలు. గూడెం అంటే మెట్ట, అడవి అంచు. పల్లె అని సాగదీస్తే రాయలసీమ, ఖుర్ద్, కలాన్ అంటే తెలంగాణ. బొగ్గు గనుల దృశ్యం కట్టి చివర లంక అని పెడితే ఎంత బాగా కట్టినా కుదరదు. రైల్వే వాడుకలోని రోడ్ అన్న మాట ఇంకా పనికొస్తుంది. పట్టణానికి దూరంగా స్టేషను ఉన్నప్పుడు ఆ మాట తగులుతుంది: కొత్తగూడెంలో ఉన్న స్టేషను భద్రాచలం రోడ్, ఆమదాలవలసలో ఉన్నది శ్రీకాకుళం రోడ్. మోడలర్‌కు ఇది వరం. పేరున్న పట్టణాన్ని కట్టనక్కర లేకుండా దాని పేరు వాడుకోవచ్చు. నాలుగు జట్కాలు, ఒక బస్సు నిలిపితే పట్టణం ఎటో అవతల ఉన్నట్టే.

స్టేషను పసుపు బోర్డు మీద నల్ల అక్షరాలు, మూడు భాషలు, సముద్రమట్టం నుంచి ఎత్తు అన్నీ రాయాలి కాబట్టి పేరు మూడు లిపుల్లోనూ బోర్డులో పట్టాలి. చిత్తూరు వైపున్న వెంకటనరసింహరాజువారిపేట లాంటి పేరు నిజంగా ఉన్నా, మోడల్ మీద దాన్ని చదివేవారుండరు. స్టేషను కోడ్ కూడా కల్పించాలి. అది పాత పేరును దాచుకుంటే మరీ అందం. బెజవాడ విజయవాడ అయినా కోడ్ ఇప్పటికీ బీజెడ్ఏ. కల్పిత ఊరికి ఇప్పటి పేరు ఒకటి, ఇంగ్లీషు దొరల కాలపు వంకర ఉచ్చారణలోంచి మిగిలిన కోడ్ ఒకటి పెడితే ఆ ఊరికి నూరేళ్ల వయసు వస్తుంది.

కంపెనీనే కల్పించదలచుకున్నవారికి 1951కి ముందు కాలం ఉంది. ఆనాటి పేర్లకు ఒక పద్ధతి ఉంది: సంస్థానానివి స్టేట్ రైల్వేలు, సన్నపట్టాల చిన్న మార్గాలు లైట్ రైల్వేలు. పర్లాకిమిడి రాజావారు వేయించిన పర్లాకిమిడి లైట్ రైల్వే 1900లో శ్రీకాకుళం వైపు నౌపడ నుంచి నడిచింది. దాన్ని చూసి ఒక పేరు అల్లవచ్చు. నూజివీడు జమీందారులు తమ మామిడి తోటల పంటను ప్రధాన మార్గానికి చేర్చడానికి ఒక చిన్న మార్గం వేయించారనుకుంటే, అది నూజివీడు ఎస్టేట్ లైట్ రైల్వే అవుతుంది. పొడి అక్షరాలు నాలుగే, వ్యాగను మీద పడతాయి. డబ్బు ఎవరిదో ఎస్టేట్ అన్న మాట చెబుతుంది, పట్టాల వెడల్పును లైట్ అన్న మాట సూచిస్తుంది. ప్రధాన మార్గంలో కలిసే చోట మద్రాస్ అండ్ సదరన్ మరాఠా వారి వ్యాగన్లు నిలబడతాయి కాబట్టి కాలం 1908కీ 1951కీ మధ్య అని తేలిపోతుంది. ఆ మార్గానికి దేవుడి పేరు పెట్టాలన్న కోరిక కలగవచ్చు. మన ఆచారంలో అలాంటి పేర్లు మార్గాలకు కాదు, బండ్లకు దక్కాయి: వేంకటాద్రి, నారాయణాద్రి, పద్మావతి. కంపెనీకి ఊరి పేరు ఉంచి, వారానికి రెండుసార్లు సరుకునూ ప్రయాణికులనూ కలిపి తీసుకుపోయే మిక్స్‌డ్ బండికి కావలసిన పేరు పెట్టుకోవచ్చు.

పేరు మార్చాల్సి వస్తే

ఎంత ఆలోచించినా కొన్ని పేర్లు కుదరవు. ఇల్లు మారతారు, అభిరుచి ఆవిరి నుంచి డీజిల్‌కు మళ్లుతుంది, పడుచుతనంలో పెట్టిన చమత్కారం నడివయసులో నచ్చదు. అక్షరాలన్నీ గీకి పారేయడం ఒక మార్గం. అసలు రైల్వేలు చేసినట్టు విలీనం చేయడం ఇంకో మార్గం, ఇదే మేలు. పాత కంపెనీని కొత్త కంపెనీ కొనేసిందని నిర్ణయిస్తే, పాత పేరున్న వ్యాగన్లు అలాగే తిరుగుతాయి. కొన్నిటి మీద పాత మార్క్‌ను ఒక రంగు పట్టీతో కప్పి కొత్త అక్షరాలు వేస్తారు, ఇంజన్లకు ఒకటొకటిగా రంగు మారుస్తారు. అమెరికాలో విలీనమైన కంపెనీల వ్యాగన్లు ఏళ్ల తరబడి పాత పేర్లతోనే తిరిగాయి, కాబట్టి ఈ కలగాపులగం తప్పుగా కనిపించదు. మన దగ్గర జోను మారిన ఇంజన్ల మీద పాత షెడ్డు పేరు చెరిపి కొత్తది రాయడం ఇలాంటిదే. పేరు మార్చేటప్పుడు పాత పేరులోని ఒక మాటను, కనీసం ముద్ర ఆకృతినైనా, నిలిపితే అతుకు తెలియదు.